క్రియ వెంట నడచు ఉపసర్గ

ఈ ప్రసంగము మీ చెవిని పడుటకు ముందు మీ ఇంట ఎవరో ఒకరు రేడియో మీటను త్రిప్పియుందురు. ఆ పనిని ఆంగ్లమున ‘టర్న్ ఆన్’ అందురు. మాట సరిగా వినబడక స్వరమును హెచ్చించినచో అది ‘టర్న్ అప్’. ప్రక్కగదిలో పిల్లవాడు పరీక్షకు చదువుకొనుచున్నాడని తగ్గించినచో ‘టర్న్ డౌన్’. నా మాటలు విసుగు పుట్టించి మీరు రేడియో నోరు మూయించినచో, ఆ దుర్దశ నాకు పట్టకుండుగాక, అది ‘టర్న్ ఆఫ్’. ఇంతవఱకు చిక్కేమియు లేదు. త్రిప్పుట అన్నింటను ఉన్నది. ఏమి ఫలితము కొఱకు త్రిప్పితిమో వెనుకనున్న చిన్నమాట చెప్పుచున్నది.

అయితే ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొనిన యువకుడు ఇంటికి వచ్చి ‘దే టర్న్‌డ్ మి డౌన్’ అన్నప్పుడు అతనిని ఎవరును త్రిప్పలేదు, క్రిందికిని దింపలేదు. తన కోరికను త్రోసిపుచ్చిరని అతని భావము. వేయిమంది వత్తురనుకొనిన సభను గూర్చి ‘ఓన్లీ టెన్ పీపుల్ టర్న్‌డ్ అప్’ అనిన, పదిమందియే వచ్చిరని అర్థము. రాత్రి పడుకొనబోవుటను కూడ ‘టర్న్ ఇన్’ అందురు. ‘టర్న్’ అను మాట చిన్న తరగతి పిల్లవానికి తెలియును. ‘అప్’, ‘డౌన్’, ‘ఇన్’ అనునవి అంతకు ముందే తెలియును. తెలిసిన మాటలు రెండు కలిసి తెలియని మూడవ మాట అగుచున్నవి. ఆంగ్లము పదియేండ్లు చదివి, పరీక్షలలో మంచి మార్కులు తెచ్చుకొనినవారు కూడ వాడుక ఆంగ్లము చెవిని పడగానే తడబడుటకు కారణము పెద్దమాటలు కావు. ఈ చిన్నమాటల జోడింపులే.

వీనికి ‘ఫ్రేజల్ వెర్బ్స్’ అని పేరు. పేరు క్రొత్తది, వస్తువు పాతది. 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ అను రచయిత ఆంగ్ల నుడికారమును గూర్చిన తన గ్రంథములో ఈ పేరును వ్యాప్తికి తెచ్చెను. దానిని తనకు సూచించినవాడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులలో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ యని చెప్పుకొనెను. అంతకు చాల ముందు, 1755లో, తన నిఘంటువునకు వ్రాసికొనిన పీఠికలో డాక్టర్ శామ్యూల్ జాన్సన్, విదేశీయులకు తన భాషలో మిక్కిలి కష్టమును కలిగించునవి ఈ జోడింపులేయని గుర్తించెను. గోదావరి మండలములలో ఆంగ్ల పాఠశాలలు వెలయుటకు ఎంతో ముందే ఆ మహానుభావుడు మన బాధను కనిపెట్టినాడన్నమాట.

సంస్కృతము కొంచెము చదివినవారికి ఈ బాధ క్రొత్తది కాదు. ‘హృ’ అను ధాతువునకు కొనిపోవుట అని అర్థము. దాని ముందు ‘ఆ’ చేర్చిన ఆహారము, ‘వి’ చేర్చిన విహారము, ‘సం’ చేర్చిన సంహారము, ‘ప్ర’ చేర్చిన ప్రహారము, ‘పరి’ చేర్చిన పరిహారము. భోజనమునకును, షికారునకును, చంపుటకును, కొట్టుటకును, నష్టము తీర్చుటకును మూలము ఒక్కటే ధాతువనిన నమ్మశక్యము కాదు. ఆ చేర్పులను మన వ్యాకర్తలు ఉపసర్గలనిరి. ఆంగ్లమున ‘అప్’, ‘డౌన్’, ‘ఆఫ్’, ‘అవుట్’ అనునవి చేయు పనియు ఇదియే. భేదమొక్కటి. సంస్కృతమున ఉపసర్గ ధాతువునకు ముందు నిలిచి దానితో అతుకుకొనిపోవును. ఆంగ్లమున క్రియకు వెనుక నడచును. అప్పుడప్పుడు దాని చేయి విడిచి కొంత ఎడముగ కూడ నడచును. వేదభాషలో ఉపసర్గ క్రియను విడిచి వాక్యమున వేఱొకచోట ఉండుట కలదు గనుక, ఆంగ్లేయుని ఈ అలవాటు మరీ వింతదని తలంపనక్కఱలేదు.

సంస్కృతమువఱకు పోవుట ఎందులకు? ‘లోబడు’ అను మన తెలుగు క్రియను చూడుడు. లోపల పడుట కాదు, లొంగుట. ఆంగ్లమున దానికి సరియైన మాట ‘గివ్ ఇన్’. అందును లో అను అర్థమునిచ్చు ‘ఇన్’ ఉండుట గమనింపదగినది. గ్రంథము ‘వెలువడు’ను; ఆంగ్లమున అది ‘కమ్స్ అవుట్’. దారిలో పాతస్నేహితుడు ‘ఎదురుపడు’ను, ఆంగ్లమున ‘రన్ ఇన్‌టు’ అందురు, ఎవరును పరుగెత్తకున్నను. మనము ఒక కార్యమును తలపెట్టుదుము, చేపట్టుదుము, విసుగు పుట్టిన కట్టిపెట్టుదుము. వీనిలో తలను ఎక్కడను పెట్టుట లేదు, చేతితో దేనిని పట్టుట లేదు, త్రాటితో దేనిని కట్టుటయు లేదు. తెలుగు నేర్వవచ్చిన పరదేశి ‘కట్టిపెట్టు’ అను మాటకై నిఘంటువులో ‘కట్టు’ను ఒకచోట, ‘పెట్టు’ను మఱొకచోట వెదకినచో ఎంత తికమకపడునో, ‘గివ్ అప్’ ఎదుట మన విద్యార్థియు అంత తికమకపడుచున్నాడు. అతడు చేయవలసిన పని వేఱు. ‘గివ్ అప్’ వినగానే ఇచ్చుటను, పైకి అనుటను మఱచి, ‘వదలుకొను’ లేక ‘మానివేయు’ అను ఒక్క తెలుగు క్రియను తలచుకొనవలెను.

ఈ చిన్నమాటలలో ‘అప్’ మిక్కిలి గడుసుది. ‘ఎండు’ అనుటకును ‘ఎండిపోవు’ అనుటకును, ‘త్రాగు’ అనుటకును ‘త్రాగివేయు’ అనుటకును భేదము మనకు చెప్పనక్కఱలేదు. పని తుదముట్టినదని, ఇక మిగులేమియు లేదని తెలుపుటకు మనము ‘పోవు’, ‘వేయు’ చేర్చెదము. ఆంగ్లమున ఆ కొలువు చాలవఱకు ‘అప్’నకు దక్కినది. తడిబట్ట ‘డ్రై’ అగును, ఆరును. వేసవిలో పిల్లకాలువ ‘డ్రైస్ అప్’, ఎండిపోవును. ‘డ్రింక్’ అనిన త్రాగుము. ‘డ్రింక్ అప్’ అనిన మిగల్చక త్రాగివేయుము. ‘యూజ్ అప్’ అనిన వాడివేయుట. ఇచ్చట ‘అప్’లో పైకి అను అర్థము వెదకిన దొరకదు. ‘హి రాన్ అప్ ఏ డెట్’ అనిన, అతడు అప్పు పెంచుకొనెనని. ‘అప్’లోనే అప్పు దాగియున్నదని విద్యార్థికి చెప్పిన ఈ ఒక్కదానిని మాత్రము జన్మలో మఱువడు. అదే ‘హి రాన్ అప్ ఏ హిల్’ అనినచో నిజముగనే కొండ మీదికి పరుగెత్తినాడు. రెంటిని వేఱుచేయుటకు సులభమైన ఉపాయమున్నది. ‘అప్ ఏ హిల్ హి రాన్’ అని మాటలను ముందువెనుకలు చేసి చెప్పినను ఆంగ్లేయునికి అర్థమగును. ‘అప్ ఏ డెట్ హి రాన్’ అనిన అతడు మన ముఖము వంక చూచును. మొదటి వాక్యములో ‘అప్’ కొండకు చెందినది, రెండవదానిలో క్రియకు చెందినది.

గోదావరి తీరవాసులు ఎక్కువగా వినుచుందురు గనుక మఱికొన్ని ఉదాహరణలను పోలవరము రేవునుండి తెచ్చెదను. పోలవరము నదికి కుడిగట్టున, పాపికొండల ఇరుకును దాటి గోదావరి మైదానమున అడుగిడు చోటునకు చేరువలో ఉన్నది. లాంచి కట్టు విప్పుట ‘కాస్ట్ ఆఫ్’. ప్రయాణమునకు బయలుదేరుట ‘సెట్ అవుట్’. లాంచి ఎక్కుట ‘గెట్ ఆన్’, దిగుట ‘గెట్ ఆఫ్’. కారునకైతే ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్’. లేచి నడువదగిన వాహనమునకు ‘ఆన్’, ముడుచుకొని కూర్చుండవలసినదానికి ‘ఇన్’ అని గుర్తుంచుకొనిన చాలవఱకు పొరపాటు రాదు. బస్సు, రైలు మొదటి జాతివి, ఇద్దరు ముగ్గురు పట్టు నాటుపడవ రెండవ జాతిది.

ఇక వరద. భద్రాచలము కడ నీటిమట్టము 43 అడుగులకు చేరిన మొదటి ప్రమాద హెచ్చరికను, 48 అడుగులకు రెండవదానిని, 53 అడుగులకు మూడవదానిని ఇత్తురు. 1986 ఆగస్టులో అక్కడ నీరు 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు ఎక్కినది. అట్టి దినములలో దిగువనున్నవారు వినగోరు మాట ‘ది వాటర్ హాజ్ గాన్ డౌన్’, వరద తగ్గుముఖము పట్టినదని. అదే ‘గో డౌన్’ పడవను గూర్చి వినిన గుండె ఆగును. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు కడ పర్యాటకుల పడవకు జరిగిన దుర్ఘటనను వాడుక ఆంగ్లమున చెప్పవలసినచో ‘ది బోట్ వెంట్ డౌన్’ అనవలెను, మునిగిపోయినదని. జోడింపు ఒక్కటే. నీటికి చెప్పిన ప్రాణములు కుదుటపడును, పడవకు చెప్పిన ప్రాణములు పోవును. కర్తను చూడక ఈ క్రియలకు అర్థము చెప్పరాదు.

వరద తగ్గిన పిదప ప్రమాద హెచ్చరికను ‘ఉపసంహరించిరి’ అని వార్తలలో వినుచుందుము. ఆ మాటలో ‘హృ’ ధాతువునకు ముందు ఉప, సం అని రెండు ఉపసర్గలున్నవి. ఆంగ్లమునను క్రియ వెంట రెండు చిన్నమాటలు నడచుట కలదు. ‘పుట్ అప్ విత్’ అనిన ఓర్చుకొనుట. ‘కీప్ అప్ విత్’ అనిన ఇతరులకు వెనుకబడక సాగుట. ‘వి హావ్ రన్ అవుట్ ఆఫ్ రైస్’ అనిన, ఇంట బియ్యము నిండుకొనినవి. లేవని నోట పలుకుట అశుభమని ‘నిండుకొనినవి’ అను మన గృహిణుల పలుకుబడి ముందు ఆంగ్లేయుని నుడికారము ఏపాటి! అది నేర్చిన తెలుగువానికి ‘రన్ అవుట్’ నేర్చుట ఒక లెక్కయా?

వాక్యములో ఈ చిన్నమాట ఉండవలసిన చోటును గూర్చి ఒక సూత్రము చెప్పవలెను. పెండ్లిని వాయిదా వేసితిమనుటకు ‘వి పుట్ ఆఫ్ ది వెడ్డింగ్’ అనవచ్చును, ‘వి పుట్ ది వెడ్డింగ్ ఆఫ్’ అనియు అనవచ్చును. కాని పెండ్లి అను మాటకు బదులుగ ‘ఇట్’ అను సర్వనామము వచ్చినచో ‘పుట్ ఇట్ ఆఫ్’ అనియే అనవలెను; ‘పుట్ ఆఫ్ ఇట్’ అనుట తప్పు. సర్వనామము ఎప్పుడును నడుమనే. అయితే అన్ని జోడింపులును ఇట్లు ఎడము కావు. ‘లుక్ ఆఫ్టర్’ అనిన సంరక్షించుట. అందు ‘లుక్ ఆఫ్టర్ హర్’ అనవలెనే గాని ‘లుక్ హర్ ఆఫ్టర్’ అనరాదు. ‘ఆఫ్టర్’, ‘ఫర్’, ‘ఎట్’, ‘విత్’ అనునవి సాధారణముగ క్రియ ప్రక్కను విడువవు. ‘అప్’, ‘అవుట్’, ‘ఆఫ్’, ‘డౌన్’ అనునవి కర్మను నడుమ కూర్చుండబెట్టుకొనుటకు చాలవఱకు ఒప్పుకొనును. ఉచ్చారణలో కూడ ఈ రెండవ తెగకు ఊనిక ఎక్కువ. ‘పుట్ ఇట్ ఆఫ్’ అనునప్పుడు ‘ఆఫ్’ అనుమాటయే గట్టిగ వినబడును. రేడియోలో ఆంగ్ల నాటకమేదైన వినునపుడు ఈ ఊనికను కనిపెట్టి చూడుడు. పుస్తకము వంద పుటలలో నేర్పలేని దానిని చెవి ఒక్క సాయంకాలమున పట్టుకొనును.

మన పాఠశాలలలో ఈ క్రియలకు తగిన చోటు దొరకలేదని నా అభిప్రాయము. పిల్లలకు ‘పోస్ట్‌పోన్’, ‘టాలరేట్’, ‘ఎక్స్‌టింగ్విష్’ అను మాటలు వచ్చును. ‘పుట్ ఆఫ్’, ‘పుట్ అప్ విత్’, ‘పుట్ అవుట్’ అనునవి రావు. మొదటివి లాటిను నుండి వచ్చినవి, మనకు సంస్కృత సమములవంటివి. కచేరీ కాగితములకును, శాస్త్రగ్రంథములకును అవియే తగినవి. కాని ఇంట ‘దీపమును నిర్వాపణము చేయుము’ అనిన ఇల్లాలు నవ్వి ‘ఆర్పెదను లెండు’ అనును గదా. ఆంగ్లేయుని ఇంటను అంతే. ఇంట ఆర్పుట ‘పుట్ అవుట్’. ‘ఎక్స్‌టింగ్విష్’ అగ్నిమాపక దళమువారి నివేదికలోనిది. 1930లో సి. కె. ఆగ్డెన్ అను పండితుడు లోకమున కెల్ల సులభముగ ఉండునని 850 మాటలతో ‘బేసిక్ ఇంగ్లీష్’ అను సంక్షిప్త భాషను కూర్చెను. అందు క్రియలు 18 మాత్రమే. తక్కిన క్రియల పని యంతయు ‘గివ్’, ‘పుట్’, ‘టేక్’, ‘గెట్’ వంటివానికి ఈ చిన్నమాటలను చేర్చి గడుపుకొనవలెనని ఆయన యోచన. లెక్కకు మాటలు తగ్గినవి నిజమే. కాని ‘సరెండర్’ అను ఒక్కమాటను కంఠస్థము చేయుట విదేశీయునికి సులభమా, ‘గివ్ ఇన్’నకును ‘గివ్ అప్’నకును గల భేదమును పట్టుకొనుట సులభమా? లెక్క వేసినవాడు ఆంగ్లేయుడు గనుక అతనికి ఈ ప్రశ్న తట్టియుండదు.

పాఠశాల నేర్పకున్నను బజారు నేర్పినది. మేకప్, చెకప్, లాకప్, లేఅవుట్, కటౌట్, లాకౌట్, బ్రేక్‌డౌన్ అను మాటలు తెలుగు నేలపై స్థిరపడి చాల కాలమైనది. ఇవి అన్నియు ఈ క్రియలనుండి పుట్టిన నామములు. వేషము వేసికొనుటను ‘మేకప్’ అని ఎఱిగిన మనకు, ‘హి మేడ్ అప్ ఏ స్టోరీ’ అనిన లేని కథను కల్పించినాడనియు, ‘దే మేడ్ అప్’ అనిన తగవు మాని రాజీపడిరనియు, ‘మేక్ అప్ ఫర్ ది లాస్’ అనిన నష్టమును పూరించుట యనియు తెలిసికొనుట ఒక్క అడుగు దూరము. మన తెలుగు ఇంకొక విచిత్రమును కూడ చేసినది. ‘టర్న్ ఆఫ్’లో క్రియను పాఱవైచి ‘ఆఫ్’ను ఉంచుకొని, దానికి మన ‘చేయు’ను తగిలించి ‘ఆఫ్ చేయు’ అని సృష్టించినది. తెలుగున ఇది చక్కగనే ఉన్నది. అదే అలవాటున ఆంగ్లము మాటలాడుచు ‘ఆఫ్ ది ఫ్యాన్’ అనిన మాత్రము క్రియలేని వాక్యమగును. దీనికి విపర్యయముగ, అక్కఱలేనిచోట తోక తగిలించువారును కలరు. ‘కోప్ విత్’ అనవలసినదానిని ‘కోప్ అప్ విత్’ అనుట భారతదేశమంతట వినబడును. ‘డిస్కస్’ అను క్రియకు వెనుక ఏమియు వలదు. దేనిని గూర్చి చర్చించితిమను మన వాక్యము మనసులో మెదలుటచేత ‘డిస్కస్ అబౌట్’ అని వచ్చును. తోకలు లెక్కపెట్టుటలో మనము కొన్నిచోట్ల లోభులము, కొన్నిచోట్ల దాతలము.

ఇంతవఱకు చెప్పిన పొరపాట్లకు మహా అయిన నలుగురు నవ్వుదురు. అంతటితో పోనివియు ఉన్నవి. పోలవరము పేరు వినగానే అందఱికి తట్టు ఆనకట్ట సంగతి చూతము. 1940వ దశకమున మద్రాసు ప్రెసిడెన్సీ ఇంజనీర్లు ఇచ్చట గొప్ప జలాశయమునకు ప్రణాళిక సిద్ధపఱచిరి. ఆంగ్లమున ఇది ‘డ్రూ అప్’. నిలిచిన నీరు భద్రాద్రి రాముని పాదముల కడకు చేరునని దానికి రామపాదసాగరమను పేరు వచ్చినది. పని మాత్రము ‘పుట్ ఆఫ్’ అగుచు వచ్చినది. 1981లో ముఖ్యమంత్రి టంగుటూరి అంజయ్యగారు శంకుస్థాపన చేసిరి. మఱల రెండు దశాబ్దములకు పైగా గడచిన పిదప, 2004 తరువాత, వై. ఎస్. రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వము పనిని చేపట్టినది, ‘టుక్ అప్’. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టము దీనిని జాతీయ ప్రాజెక్టుగ ప్రకటింపగా కేంద్రము బాధ్యతను స్వీకరించినది, ‘టుక్ ఓవర్’. 2016లో నిర్మాణపు పనిని రాష్ట్రమునకు అప్పగించినది, ‘హ్యాండెడ్ ఓవర్’. 2019, 2020 సంవత్సరముల వరదలలో నదీగర్భమున కట్టిన డయాఫ్రమ్ గోడ దెబ్బతినగా, 2025లో క్రొత్తగోడకు పని మొదలిడిరి. మొదటికి వచ్చుటను ‘స్టార్ట్ ఓవర్’ అందురు. ‘టేక్ అప్’ అనిన పని చేపట్టుట. ‘టేక్ ఓవర్’ అనిన ఇంకొకరి చేతిలోనిదానిని తన చేతికి తీసికొనుట. ఇన్ని దశాబ్దములలో ఎన్నిమార్లు ‘పుట్ ఆఫ్’ అయినను ఈ పని ‘కాల్ ఆఫ్’ మాత్రము కాలేదు. మొదటిది వాయిదా, రెండవది రద్దు. వెనుకనున్న ‘ఆఫ్’ను మాత్రము చూచి రెండును ఒక్కటే యనుకొనినవాడు నష్టపోవును. ఊరి గ్రామసభ ‘పుట్ ఆఫ్’ అయినదని వినినవాడు తన అభ్యంతరపు కాగితమును దాచుకొని రాబోవు తేదీని కనుగొనవలెను. ‘కాల్ ఆఫ్’ అయినదనుకొని ఇంట కూర్చుండినచో సభ అతడు లేకయే జరిగిపోవును.

ఈ జలాశయము కొఱకు దేవీపట్నము, కుక్కునూరు, వేలేరుపాడు మున్నగు మండలములలోని కోయలును, కొండరెడ్లును, ఇతరులును ఊళ్లను, పొలములను విడువవలసి వచ్చినది. వారిని గూర్చి ఆంగ్లపత్రికలో ‘దే గేవ్ అప్ దెయిర్ ల్యాండ్స్’ అని ఉన్నదనుకొనుడు. భూములను వదలుకొనిరని అర్థము. తమదైనదానిని, వీలున్న ఉంచుకొనదగినదానిని, పోనిచ్చుకొనిరి. ఇందు ‘అప్’ తీసి ‘అవే’ పెట్టుడు. ‘గేవ్ అవే’ అనిన ఉచితముగ ఇచ్చివేసిరని. అది దానమగును, దానమిచ్చినవాడు వెల అడుగడు. ‘బ్యాక్’ పెట్టుడు. ‘గేవ్ బ్యాక్’ అనిన తిరిగి ఇచ్చిరని. అనగా ఆ భూమి మొదటినుండియు వారిది కాదన్నమాట. తాతముత్తాతల నాటినుండి పోడు కొట్టి బ్రదికినవానికి ఇంతకంటె అన్యాయపు వాక్యము ఉండదు. ‘దే గేవ్ ఇన్’ అనిన, ఇష్టము లేకున్నను ఒత్తిడికి లోబడిరని. ఇచ్చుట ఒక్కటే, ఇచ్చినవారును వారే. భూమి ఎవరిది, వెల కలదా లేదా, ఇష్టముతో ఇచ్చిరా అయిష్టముతో ఇచ్చిరా అను మూడు ప్రశ్నలకు సమాధానము ఆ చిన్నమాటలో ఉన్నది. ఆంగ్లవార్తను తెనిగించువాడు తొందరలో తోకను విడిచి అన్నింటికిని ‘భూములిచ్చిరి’ అని వ్రాసినచో ఆ మూడు సమాధానములును పోవును. వదలుకొనిరి, ఇచ్చివేసిరి, తిరిగి ఇచ్చిరి, లోబడిరి అని నాలుగు వేఱు మాటలు మన భాషలో సిద్ధముగనే ఉండగా ఇట్లు వ్రాయుటకు సాకు లేదు.

ఊరు విడుచుటను గూర్చియు అంతే. ‘దే మూవ్డ్ అవుట్’ అనిన వెడలిపోయిరి; ‘దే వర్ మూవ్డ్ అవుట్’ అనిన వెడలింపబడిరి. పునరావాస గృహములలో చేరుట ‘మూవ్ ఇన్’. 1894 నాటి భూసేకరణ చట్టమునకు బదులుగ 2013లో వచ్చిన చట్టము పరిహారముతోపాటు పునరావాసమును కూడ చేర్చి చెప్పినది. అట్టి చట్టముల భాషలో ‘గివ్ అప్’, ‘మూవ్ అవుట్’ అరుదు. అక్కడ లాటినుమాటలదే రాజ్యము. కాని చట్టమును గూర్చి మాటలాడు అధికారియు, విలేఖరియు, న్యాయవాదియు నోటితో పలుకునది ఈ చిన్నమాటల ఆంగ్లమునే. కచేరీలో ‘పుట్ అప్ ది ఫైల్’ అనిన కాగితములను పై అధికారి ముందు పెట్టుమని అర్థము. అది మన దేశపు కచేరీలలో బాగుగ నాటుకొనిన వాడుక. ఫైలు ‘పుట్ అప్’ అయినదా, ‘పుట్ ఆఫ్’ అయినదా, ‘పుట్ అవే’ అయి బీరువాలోనికి పోయినదా అని బల్ల ఇవతల నిలుచున్నవాడు చెవి నిక్కించి వినవలసియుండును.

వీనిని నేర్చుటకు పట్టికలు వ్రాసికొని వల్లించుట వలన ఫలము తక్కువ. ‘గివ్ అప్ అనగా మానుట’ అని వ్రాసికొనినచో రేపటికి ‘గివ్ ఇన్’ వచ్చి దానిని తుడిచివేయును. మీ ఇంటికి, మీ ఊరికి సంబంధించిన వాక్యము నొకదానిని కల్పించి వ్రాయుడు. నాన్నగారు పొగత్రాగుట మానిరి, ‘గేవ్ అప్’. తమ్ముడు మిఠాయికై మారాము చేయగా అమ్మ లోబడినది, ‘గేవ్ ఇన్’. చెల్లెలు అన్నయ్య రహస్యమును బయటపెట్టినది, ‘గేవ్ అవే’. రహస్యము బయటపెట్టుటకును, దానమిచ్చివేయుటకును ఒక్కటే మాట యగుట చూచి పిల్లలు నవ్వుదురు. నవ్విన మాట నిలుచును. మంచి నిఘంటువులో ఈ జోడింపులన్నియు మూలక్రియ క్రింద, దాని అర్థములు ముగిసిన పిదప వరుసగ ఉండును. వారమునకు ఒక్క క్రియ చాలును. ‘గివ్’తో మొదలిడి, పై వారము ‘పుట్’, దాని వెనుక ‘టేక్’, పిమ్మట ‘టర్న్’ చూడవచ్చును. ‘సెట్’ అను క్రియను మాత్రము వేసవి సెలవులవఱకు ఆపి ఉంచుడు. పెద్ద నిఘంటువులలో దానికి పుటలకు పుటలు ఉన్నవి.